ఇంటి బూజు : ఒక చిరుపుస్తకముపై విమర్శ

వానకాలము రాగానే గోడమూలల నల్లని మచ్చలు, బీరువా వెనుక పచ్చని పొడ, పుస్తకముల అట్టలపై తెల్లని నూగు కనిపించుట తెలుగు గృహములలో అందరు ఎరిగినదే. దానిని పోగొట్టుటకు బ్లీచింగు పొడినో, మరొక ఘాటైన మందునో వెదకుట వాడుక. ఈ వాడుక సరియైనదేనా అని ప్రశ్నించు చిన్న పుస్తక మొకటి కలదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రకటించిన ఆ పుస్తకము పేరు ‘ఎ బ్రీఫ్ గైడ్ టు మోల్డ్, మాయిశ్చర్ అండ్ యువర్ హోమ్’. అచ్చటి గృహస్థులకై వ్రాసినదైనను తెలుగు ఉపాధ్యాయులకును విద్యార్థులకును అది చదువదగినదే. అయితే అందలి మాటలన్నియు తెలుగు గోడలకు అట్లే వర్తింపవు.

పుస్తకమునకు ప్రాణమైన మాట ఒక్కటే: బూజును అదుపులో ఉంచవలెనన్న, తేమను అదుపులో ఉంచవలెను. బూజు ఒక శిలీంధ్రము. దాని సిద్ధబీజములు గాలిలో ఎల్లప్పుడు ఉండును. వానిని ఇంటినుండి పూర్తిగా వెడలగొట్టుట అసాధ్యము. కాని తేమ లేనిదే అవి మొలకెత్తవు. తడిసిన వస్తువులను 24 మొదలు 48 గంటలలోగా ఆరబెట్టినచో చాలవరకు బూజు పట్టదు. కారుచున్న గొట్టమును బాగుచేయక గోడను కడుగువాడు, పడవ చిల్లి మూయక నీరు తోడువానివంటివాడు.

రెండవ గుణము మందులనుగూర్చిన వివేకము. బూజును చంపు రసాయనములను మామూలుగా వాడుట ఈ పుస్తకమునకు సమ్మతము కాదు. కారణము స్పష్టము. చచ్చిన బూజుకూడ కొందరికి తుమ్ములు, ఆయాసము కలిగింపగలదు. కావున చంపుట చాలదు, తొలగింపవలెను. గట్టి తలములను సబ్బునీటితో రుద్ది కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు, ముక్కునకు ఎన్-95 ముసుగు ధరింపవలెను. మచ్చ 10 చదరపుటడుగులకు లోపలిదైనచో ఇంటివారే ఈ పని చేసికొనవచ్చును. బూజుపై రంగు పూయుట తగదు; ఆ రంగు ఊడిపోవును.

ఇక లోపములు. ఇంటి గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతమునకు లోపల, వీలైనచో 30 నుండి 50 శాతము వరకు ఉండవలెనని పుస్తకము కోరుచున్నది. మచిలీపట్టణమందో, విశాఖపట్టణమందో వానకాలమున బయటి గాలియే ఆ హద్దును దాటియుండును. అట్టిచోట కిటికీ తెరచినంతమాత్రమున తేమ తగ్గదు. బీరువాను గోడకు జానెడు దూరముగా జరుపుట, మిద్దె పగుళ్లు పూడ్చుట, ఎండ కాసిన పూట బట్టలను పుస్తకములను ఆరబెట్టుట ఇచ్చటి ఉపాయములు.

సున్నపు గోడల సంగతియు వేరు. తడి సున్నము గాఢమైన క్షారము. అందు బూజు పెరుగుట కష్టము. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి అది కాల్షియం కార్బొనేటుగా మారిన పిదప ఆ క్షారగుణము పోవును. ఏటేట వెల్ల వేయు ఆచారమున ఈ రసాయన సత్యము ఇమిడియున్నది. నిరపాయమని పలువురు చెప్పు వెనిగరు కొన్ని బూజులను అణచునే గాని అన్నిటిని అణచదు. పైగా అందలి ఆమ్లము సున్నపు పూతను కరగించును.

బ్లీచింగు ద్రవమును అమోనియాతో కలుపరాదని పుస్తకము హెచ్చరించినది. తెలుగు గృహములలో అంతకంటె దగ్గరి ప్రమాదము మరుగుదొడ్డి కడుగు యాసిడ్. అది బ్లీచింగు పొడితో కలిసినచో విషవాయువైన క్లోరిన్ వెలువడును. కిటికీ లేని స్నానపుగదిలో ఇది ప్రాణాపాయకరము. తెలుగు పాఠకునికి ఈ మాట పెద్ద అక్షరములలో చెప్పవలెను.

ఈ లోపములను సవరించుకొని చదివినచో పుస్తకము మిక్కిలి ఉపయోగకరము. ఎండిన రొట్టెముక్క నొకదానిని, తడిపిన ముక్క నొకదానిని వేర్వేరు సీసాలలో ఉంచి, బిగించి, తెరువక వారము దినములు విద్యార్థులకు చూపవచ్చును. పుస్తకమంతయు చెప్పిన సత్యము ఆ రెండు సీసాలలో కనిపించును.