నిండైన బొమ్మలు

దసరాకి మదనపల్లెలోనో పుంగనూరులోనో బొమ్మలకొలువు పెట్టిన ఇంటికి పేరంటానికి వెళ్తే కింది మెట్టు చూడండి. బొజ్జ శెట్టిగారు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు, పక్కన ఒళ్లంతా నిండుగా శెట్టెమ్మ. ముందు బుల్లి గిన్నెల్లో బియ్యం, కందిపప్పు, బెల్లం. శెట్టెమ్మ నడుం దగ్గర మడత కూడా దిద్ది రంగు వేసిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

1959లో పుట్టిన బార్బీకి పొట్టి, పొడుగు, బొద్దు ఒళ్లు వచ్చింది 2016లో. మన బొమ్మల పనివాళ్లకి మనుషుల్లో తేడాలు ఎప్పటినుంచో కంటికి ఆనాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో ఒళ్లు, కాళ్లు, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అందుకే గీతకార్మికుడు చెట్టుకి సన్నగా అతుక్కుని ఉంటాడు, దంచే ఆమె భుజం బలంగా పైకి లేస్తుంది. తిరుపతి కొయ్యబొమ్మల జంటకైతే చీర, పంచె మనమే కట్టాలి. కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో వీటినే మరపాచ్చి అంటారు. అలా బట్టలు కట్టే ముచ్చట ఆడపిల్లలకే తెలుసు.

ఈసారి కొలువుకి కొత్త బొమ్మ కొనేటప్పుడు పాపనే ఎంచుకోనివ్వండి. చేసినవాళ్ల దగ్గర మాత్రం బేరమాడకండి.