ఒప్పించే మాట

ఒప్పించడం వేరు, నోరు మూయించడం వేరు. ఈ భేదం గాంధీజీ ఢిల్లీ ప్రార్థనోపన్యాసాలలో స్పష్టంగా గోచరిస్తుంది. వాటిలో అలంకారాడంబరం లేదు. ఇంటి పెద్ద పొరుగువారితో ముచ్చటించినట్లు చిన్న చిన్న వాక్యాలు. 1947 ఏప్రిల్‌లో వాల్మీకి బస్తీ సభలో ఖురాన్ పఠనానికి కొందరు అభ్యంతరం చెప్పారు. సభలో అధికులు తమ పక్షాననే ఉన్నా, ఆయన ప్రార్థననే నిలిపివేశారు. కాదనే హక్కును ముందుగా ఎదుటివానికి అప్పగించి, ఆ పిమ్మట నచ్చజెప్పారు; కొన్నాళ్లకు ప్రార్థన నిరాటంకంగా సాగింది. 1948 జనవరి 13న ఆరంభించి, నాయకుల హామీపై 18న విరమించిన నిరాహారదీక్ష మాత్రం ఈ పద్ధతికే కఠినపరీక్ష. ప్రాణం పణంగా ఒడ్డినవానితో కాదనడం ఎవరికి సాధ్యం? అందుచేత ఆ దీక్షకన్న, ఆగిన ఆ ప్రార్థనయే మన నిత్యవ్యవహారానికి సన్నిహితమైన పాఠమని నా అభిప్రాయం.