ఖాళీల భాష: వీడియోగేముల్లో వస్తువు, ఆవరణ, ధ్వని

వీడియోగేమును కథనరూపంగా పరిశీలించే విమర్శ రెండు దశాబ్దాలుగా సాగుతున్నది. గేము రూపకర్తలను కథకులుగా కన్నా కథనాత్మక స్థలాలను నిర్మించే వాస్తుశిల్పులుగా చూడాలని హెన్రీ జెన్కిన్స్ 2004 నాటి వ్యాసంలో ప్రతిపాదించారు. జరిగిపోయిన కథ ఆనవాళ్లను స్థలంలో పొందుపరచి, వాటిని వెదికి కూర్చుకునే పనిని ఆటగాడికి విడిచిపెట్టడం ఆయన గుర్తించిన పద్ధతులలో ఒకటి. ఈ పద్ధతిని ధ్వనిసిద్ధాంతం వెలుగులో పరిశీలించి, తెలుగు పాఠకుడి విషయంలో అది ఎక్కడ ఆగిపోతున్నదో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జపానుకు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2011లో విడుదల చేసిన 'డార్క్ సోల్స్' ఇందుకు తగిన ఉదాహరణ. ప్రారంభంలోని పరిచయం తరువాత ఇందులో కథను వరుసగా చెప్పే కథకుడు ఉండడు. కత్తి, ఉంగరం, డాలు వంటి వస్తువుల వెంట వచ్చే కొద్దిపాటి వివరణలే ప్రధానాధారాలు. ఆర్టోరియస్ అనే వీరుడి సమాధిని సిఫ్ అనే పెద్ద తోడేలు కాపాడుతూ ఉంటుంది. దానిని చంపినప్పుడు లభించే ఉంగరం అగాధంలో నడిచే శక్తినిస్తుంది. ఆ అగాధాన్ని ఆర్టోరియస్ జయించాడన్నది ఆటలోని ప్రతీతి. 2012లో వచ్చిన అనుబంధభాగం ఆటగాణ్ణి గతంలోకి తీసుకుపోతుంది. అక్కడ ఆర్టోరియస్ అగాధానికి లొంగి, మతి తప్పి, ఎడమ చెయ్యి వేలాడుతుండగా, డాలు లేకుండా పోరాడుతాడు. డాలు ఎందుకు లేదో ఆ పోరాటంలో ఎవరూ చెప్పరు. మరింత లోతుకు దిగి వెదికినవారికి, ఆ డాలు ఏర్పరచిన రక్షణవలయంలో చిన్నవయసు సిఫ్ కనిపిస్తుంది.

ఓడిపోతున్న వీరుడు తన రక్షణను తోడుగా ఉన్న ప్రాణికి ఇచ్చివేశాడన్న అర్థం ఇక్కడ స్ఫురిస్తుంది. డాలు లేని చెయ్యి సూచించే ఈ సంగతి వస్తుధ్వని. దానివల్ల సిఫ్ వధ కరుణరసానికి ఆశ్రయం కావడం రసధ్వని. కావ్యంలో సాధారణంగా ఉద్దీపన విభావంగా నిలిచే పరిసరం ఇక్కడ కథను మోసే ఆధారంగా మారింది. ప్రతీతి ఆర్టోరియస్‌కు కట్టబెట్టిన విజయం నిజానికి ఆటగాడిదే. వస్తువు చెప్పే మాటకూ స్థలం చూపే దృశ్యానికీ నడుమ ఉన్న ఈ వైరుధ్యమే ఈ కథనానికి జీవం.

ఈ గేము దర్శకుడు హిదెతాకా మియాజాకి బాల్యానుభవం ఈ సందర్భంలో గమనార్హం. చిన్నతనంలో చదివిన ఇంగ్లీషు పుస్తకాలలో అర్థంకాని భాగాలను బొమ్మల ఆధారంగా ఊహించుకునేవాణ్ణని ఆయన ఇంటర్వ్యూలలో చెప్పారు. దీనిని బట్టి, భాష తెలియకపోవడం కూడా సృజనకు దోహదమే కదా అన్న ఆక్షేపణ రావచ్చు. అయితే ఖాళీలు రెండు విధాలు. రచయిత ఉద్దేశించి విడిచిన ఖాళీ ఒకటి. భాష అందనందువల్ల ఏర్పడే ఖాళీ మరొకటి. వెలుగు కోరేవాడు దీపశిఖను జాగ్రత్త చేసినట్లు, వ్యంగ్యాన్ని కోరేవాడు వాచ్యాన్ని ఆశ్రయించాలని ఆనందవర్ధనుడి నిర్ణయం. రెండవ విధమైన ఖాళీలో ఆ దీపమే లేదు. అక్కడ పుట్టే ఊహ పాఠకుడి సొంత కల్పన కావచ్చు గాని, పాఠం ధ్వనింపజేసిన అర్థం కాదు.

ఈ భేదం హైదరాబాదు తూర్పు ప్రాంతంలో స్పష్టంగా తెలుస్తుంది. శిక్షణ సంస్థలకూ హాస్టళ్లకూ పేరుపడిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లు విజయవాడ రహదారి మీదుగా నల్లగొండ, సూర్యాపేటల వైపు నుంచి వచ్చే అనేక విద్యార్థులకు నగరంలో తొలి మజిలీ. 'ఎల్బీ' అన్న పొడి అక్షరాలలో లాల్ బహదూర్ పేరు దాగి ఉంది. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఇక్కడి మెట్రో మార్గంలోని 'విక్టోరియా మెమోరియల్' స్టేషను పేరు సమీపంలోని అనాథ బాలల ఆశ్రమాన్ని తలపిస్తుంది. ఈ పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. వాటి వెనుక చరిత్ర తెలియనివాడు కూడా పేరు చదివి అడిగి తెలుసుకోగలడు. అదే విద్యార్థి 'డార్క్ సోల్స్' తెరిస్తే తెలుగు పాఠం లేదు. తెలుగు మాధ్యమంలో చదివినవాడికి ప్రాచీనచ్ఛాయ గల ఆ ఇంగ్లీషు వాచ్యార్థం దగ్గరనే అడ్డుపడుతుంది. ఆట సాగుతుంది, కథ మాత్రం అందదు.

అనువాదం అవసరమన్నంత మాత్రాన అది సులభం కాదు. 'అగాధం' అనడానికి బదులు 'పాతాళం' అంటే పురాణలోకం వచ్చి చేరుతుంది. ప్రతీతిని చెప్పే వాక్యంలో ఆర్టోరియస్‌ను 'ఆయన' అనవలసి ఉంటుంది. ఆ గౌరవవాచకమే అతని పతనాన్ని కప్పిపుచ్చుతుంది. ఇది మూలంలోని వైరుధ్యానికి తెలుగు చేకూర్చగల అదనపు బలం. సిఫ్‌ను 'అది' అంటే సహచరుడు కేవలం జంతువవుతాడు. 'అతడు' అంటే దాచవలసిన ఆత్మీయత ముందే బయటపడుతుంది. ఇటువంటి నిర్ణయాలు యంత్రానువాదానికి వదలదగినవి కావు. శాసనాలలోని కొద్ది పంక్తుల నుంచి ఒక కాలాన్ని పునర్నిర్మించే సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. వస్తువివరణలు కూడా అటువంటి శ్రద్ధను కోరే పాఠాలే. వాటికి తెలుగులో వాచ్యార్థం సమకూరినప్పుడే, రచయిత విడిచిన ఖాళీ తెలుగు పాఠకుడికి ఖాళీగా కాక ధ్వనిగా అందుతుంది.