ఇంటిపేరు గడిలో ఏం రాయాలి

గోదావరి జిల్లాల్లో వీధికి ఇద్దరు సత్యనారాయణలైనా ఉంటారు. అన్నవరం కొండమీది స్వామి పూర్తి పేరు శ్రీ వీర వెంకట సత్యనారాయణ స్వామి. ఆయనకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు మొత్తం పెట్టేయడం ఇక్కడ రివాజు. దానికి ముందు ఒక ‘సాయి’యో ‘నాగ’యో, వెనక తాతగారి పేరులో ముక్కో చేరుతుంది. బారసాల నాడు బియ్యంలో రాసిన అంత పొడుగు పేరూ ఇంట్లో ‘సత్తిబాబు’ అయిపోతుంది, బళ్లో మూడు నాలుగు పొడి అక్షరాలుగా మారుతుంది. ఇరవై ఒక్కేళ్లు హాయిగా సాగిన ఆ పేరు, అమెరికాలో ఎమ్మెస్‌కి దరఖాస్తు చేసే రోజున మొదటి గడి దగ్గరే ఆగిపోతుంది.

ఆ గడి అడిగేది ‘లాస్ట్ నేమ్’. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది, గడి అడిగేదేమో చివరి పేరు. కుర్రవాడు తన పేరులో చివర ఏముందో చూసుకుని ‘సత్యనారాయణ’ అని కొట్టేస్తాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో కలిపి అంతా ఒకే వరసలో ఉంది. డిగ్రీ మార్కుల జాబితాకి వచ్చేసరికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. ఈ కాగితాలన్నీ సముద్రానికి అవతల ఒకరి బల్ల మీదికి చేరితే, అక్కడ కూర్చున్న మనిషికి ముగ్గురు సత్యనారాయణలు కనిపిస్తారు. పరీక్ష స్కోరు ఒకరిది, డిగ్రీ ఒకరిది, దరఖాస్తు ఇంకొకరిది. ఏ కాగితం ఏ ఫైలులో చేర్చాలో తేలక ఆ దరఖాస్తు ‘ఇన్‌కంప్లీట్’ అనే మాట కింద పడి ఉంటుంది.

ఆడపిల్లల సంగతీ ఇంతే. ‘లక్ష్మి’ని ఇంగ్లిషులో ఒక మేష్టారు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు, ఆధార్ సెంటర్లో కుర్రాడు ఎక్స్‌తో ముగించేస్తాడు. ‘జ్యోతి’కి ఒక చోట హెచ్ ఉంటుంది, ఇంకో చోట ఉండదు. పలికేటప్పుడు తేడా లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. కంప్యూటరు మాత్రం పలకదు, అక్షరాలు పోల్చి చూస్తుంది.

అందుకే ఈ పని మొదలయ్యేది దరఖాస్తు దగ్గర కాదు, పాస్‌పోర్టు దగ్గర. పదో తరగతి మెమోలో ఉన్న అక్షరాలతోనే పాస్‌పోర్టు తీసుకోవాలి. అందులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలకూడదు. వదిలేస్తే ఏమవుతుందో అమెరికా వెళ్లిన చాలామందికి తెలుసు: ఉన్న పేరంతా వీసాలో ఇంటిపేరు గడిలోకి జరిగిపోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని ఆ మూడక్షరాలకు అర్థం. అమ్మానాన్నలు అంత ప్రేమగా పెట్టుకున్న పేరుకు బదులు, బ్యాంకులోనూ కాలేజీలోనూ ఆ మూడక్షరాలనే పిలుపుగా మోయాల్సి వస్తుంది. పాస్‌పోర్టు సరిగా ఉంటే, జీఆర్‌ఈకి పేరు నమోదు చేసేటప్పుడూ, టోఫెల్‌కి చేసేటప్పుడూ, దరఖాస్తులోనూ దాన్ని ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం దించడమే.

పేరును ఒకే రకంగా రాసుకుంటే అది ఎంత దూరం వెళ్తుందో చూడటానికి గోదావరి దాటి వెళ్లక్కర్లేదు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంగ్లిషులో ఆయన పేరు చివర ‘రావు’కు మామూలుగా రాసే అక్షరాలు కాక, ‘రో’ అని చదివించే అక్షరాలు ఉంటాయి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి మీద సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పత్రంలోనూ ఆ అక్షరాలే. బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకు ఇప్పటికీ అది ‘ఫిస్క్-సుబ్బారో పద్ధతి’.

సుబ్బారావుగారి కథలో దరఖాస్తు నింపేవాళ్లు మళ్లీ మళ్లీ తలచుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. ఇంట్లో వరస చావులు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు. డాక్టర్ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు. చివరికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, మామగారు కూడదీసిన డబ్బు చేతబట్టుకుని, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి ఓడెక్కారు. పూర్తి డిగ్రీ లేని లోటు బోస్టన్‌లోనూ వెంటాడింది. బతకడానికి రాత్రిపూట ఆస్పత్రిలో కింది పని చేశారు. 1930లో అదే హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు.

ఇప్పుడు ఒక సప్లీ తగిలిన కుర్రవాడు దరఖాస్తులో దాన్ని ఎలా కప్పేయాలా అని రాత్రంతా మథనపడతాడు. కప్పడం కుదరదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో సెమిస్టరు వారీగా అన్నీ కనిపిస్తాయి. కుదిరినా కప్పకూడదు. ఏ సెమిస్టరులో, ఏ సబ్జెక్టు, ఎందుకు పోయింది, మళ్లీ ఎప్పుడు పాసయ్యాడు అన్నది రెండు వాక్యాల్లో చెప్పేస్తే సరిపోతుంది. ఆ చోటు చాలా దరఖాస్తుల్లో ఉంటుంది కూడా.

మార్కుల గడిలోనూ ఇలాంటి తొందరే. యూనివర్సిటీ ఇచ్చింది పదికి 7.8 అయితే, నెట్‌లో దొరికిన లెక్కతో దాన్ని నాలుగుకు మార్చి రాసేస్తారు. పక్కనే ‘స్కేల్’ అన్న గడి ఉంటుంది, దాన్ని చూడరు. మెమోలో ఎలా ఉందో అలాగే 7.8 రాసి, స్కేల్ దగ్గర 10 పెట్టమనే చాలా విశ్వవిద్యాలయాలు కోరతాయి. మార్చుకునే పని వాళ్లది. తారీఖుల్లో ఇంకో గొడవ. అమెరికావాళ్లు ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. ఆగస్టు 5న పుట్టిన పిల్ల మన అలవాటు ప్రకారం 05/08 అని రాస్తే అక్కడ మే 8న పుట్టినట్టు. అసలు పుట్టింది ఒకరోజు, బళ్లో వేయించింది ఇంకోరోజు అయిన వాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. దరఖాస్తుకు లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టు మీది తారీఖే. పుట్టినరోజు పాయసం మాత్రం అమ్మకు గుర్తున్న రోజునే.

ఇవన్నీ కాస్త ఓపికతో దిద్దుకునే తప్పులు. అసలు బాధ కలిగించేది ఇంకొకటి. రాజమండ్రిలో గానీ, కాకినాడలో గానీ, భీమవరంలో గానీ చాలామంది పిల్లలు తమ దరఖాస్తును తాము చూడనే చూడరు. పత్రాలన్నీ ఒక కవరులో పెట్టి కన్సల్టెన్సీకి ఇచ్చేస్తారు. లాగిన్, పాస్‌వర్డ్ అక్కడే. దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ కూడా ఒక్కోసారి అక్కడిదే. ఫలానా కాగితం అందలేదని యూనివర్సిటీ పంపిన ఉత్తరం ఎవరి పెట్టెలోనో పడి ఉంటుంది. ఇంట్లో నాన్నగారు మాత్రం ‘ఏరా, ఏమైనా వచ్చిందా?’ అని రోజూ అడుగుతూనే ఉంటారు. చేయి తిరిగిన వాళ్ల సలహా తీసుకోవడం తప్పు కాదు, డబ్బిచ్చి తీసుకున్నా తప్పు లేదు. ఈమెయిల్, పాస్‌వర్డ్ మాత్రం తనవే అయి ఉండాలి. సబ్మిట్ మీట తన వేలే నొక్కాలి.

ఎందుకింత పట్టుదల అంటే, 2011 జనవరిని ఇంకా చాలా ఇళ్లలో మర్చిపోలేదు. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అనే పేరుతో నడిచిన సంస్థపై అమెరికా అధికారులు ఆ నెల దాడి చేశారు. అందులో చేరినవాళ్లు 1,500 మందికి పైగా. ఎక్కువ మంది భారతీయులు, వాళ్లలోనూ ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిన ఫొటోలు చూసి ఇక్కడి తల్లులు కంటతడి పెట్టారు. దర్యాప్తులో బయటపడ్డ ఒక సంగతి దరఖాస్తులు నింపేవాళ్లందరికీ తెలియాలి. సంస్థ చూపిన రికార్డుల్లో సగానికి పైగా విద్యార్థుల చిరునామా ఒకటే, సన్నీవేల్‌లోని ఒక అపార్ట్‌మెంటు. వందలమంది జీవితాల తాలూకు చిరునామా గడి ఒకే మాటతో నిండిపోయింది. వాళ్లలో ఎంతమందికి తమ పేరు పక్కన ఏ చిరునామా ఉందో తెలిసి ఉంటుంది?

ఇక స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పమని అడిగే రెండు పేజీలు. ‘చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే మహా ఇష్టం’ అని మొదలయ్యే ఒకే ఉత్తరం, పేర్లు మార్చుకుని ఎన్ని ఊళ్లు తిరిగిందో! చదివేవాళ్లు దాన్ని మొదటి వరసలోనే గుర్తుపడతారు. సొంత కారణం అంటే ఎలా ఉంటుందో సుబ్బారావుగారి కథలోనే చూడొచ్చు. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆ తమ్ముడు హార్వర్డ్‌లో ఎంచుకున్నది ఉష్ణమండల వ్యాధుల వైద్యం. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూకి పనికొచ్చే మందు అదే. ఆయన ఏ దరఖాస్తులో ఏం రాశారన్నది పక్కన పెడితే, ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా నిండైన జవాబు ఉండదు. ఇంకెవరూ ఆయన తరఫున రాసిపెట్టలేని జవాబు.

ఇక్కడి పిల్లలకూ అలాంటివి ఉన్నాయి. ఆక్వా చెరువులో రొయ్యలు ఒక్క రాత్రిలో తేలిపోతే నాన్న గట్టు మీద కూలబడిన దృశ్యం చూసిన పిల్ల నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ల మీద ప్రాజెక్టు చేస్తుంది. లంక గ్రామంలో ఏటా వరదకు ఇల్లు ఖాళీ చేసిన కుర్రవాడు హైడ్రాలజీ చదవాలనుకుంటాడు. తీరా రాసేటప్పుడు సిగ్గుపడి అవన్నీ వదిలేసి, అద్దెకు తెచ్చిన మాటలు అతికిస్తారు. ఆ రొయ్యల చెరువే రాయండి, ఏ ఊరిదో, ఎన్ని ఎకరాలో, ఏ ఏడాదో వేసి మరీ రాయండి.

సిఫారసు లేఖలదీ ఇదే దారి. ‘రాసుకొచ్చెయ్యవయ్యా, సంతకం పెట్టేస్తాను’ అంటారు కొందరు మేష్టార్లు. అది దయతో అన్న మాటే, కానీ ఆ పిల్లవాడికి దానివల్ల మేలు జరగదు. ఒకప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఓస్వాల్డ్ కూల్డ్రే, చిత్రకారుడు దామెర్ల రామారావు చేతిలో బొమ్మ ఎలా పలుకుతుందో తన కళ్లతో చూశారు. చూశారు కాబట్టే అతన్ని ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకునేందుకు అండగా నిలిచారు. సిఫారసు అంటే అలా దగ్గర నుంచి చూసిన మనిషి చెప్పే సాక్ష్యం. అమెరికా దరఖాస్తుల్లో ‘ఈ లేఖను చూసే హక్కు వదులుకుంటున్నారా?’ అని ఒక ప్రశ్న ఉంటుంది. 1974లో వచ్చిన చట్టం విద్యార్థికి ఇచ్చిన హక్కు అది. దాన్ని వదులుకుంటే, మేష్టారు మొహమాటం లేకుండా రాశారని చదివేవాళ్లు నమ్ముతారు. చాలామంది వదులుకునేది అందుకే. భయపడాల్సిన ప్రశ్న కాదు.

ఊళ్లోనే పీజీ చేద్దామనుకునేవాళ్లకూ ఈ జాగ్రత్తలే, గడుల పేర్లే వేరు. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఇక్కడి డిగ్రీ కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేవి. 2021 నుంచి రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు ఏపీ పీజీసెట్ రాయాలి. అక్కడ తడబడేది ‘లోకల్’ గడి దగ్గర. అది ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారని అడగడం లేదు, చదువు ఎక్కడ సాగిందని అడుగుతోంది. స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చుకుని కూర్చుంటే తేలిపోతుంది.

గడువు గురించి ఒక్క మాట. డిసెంబరు 15 రాత్రి 11.59 అని అమెరికా తూర్పు తీరం లెక్కలో ఉంటే, మన గడియారంలో అది 16వ తేదీ ఉదయం 10.29. పశ్చిమ తీరమైతే మధ్యాహ్నం 1.29. ఊళ్లో నెలగంట పెట్టే రోజులు. కరెంటు పోవచ్చు, కార్డు మీద డబ్బు కట్టడం ఆగిపోవచ్చు. 12వ తేదీకే ముగించుకున్నవాళ్లు ఆ ఉదయం తిరుప్పావై వింటూ కాఫీ తాగుతారు.

సబ్మిట్ కొట్టాక తెరమీద ఒక పట్టిక కనిపిస్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్ అందింది, స్కోరు అందింది, రెండు లేఖలు అందాయి, మూడోది అందలేదు. సత్తిబాబు సైకిలేసుకుని మేష్టారింటికి వెళ్తాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని వెతికితే ఆ ఈమెయిల్ స్పామ్‌లో దొరుకుతుంది. ‘ఇప్పటికిప్పుడు సంతకం కాదురా, కూర్చుని రాయాలి. నీ ప్రాజెక్టు రిపోర్టు కాపీ ఒకటి ఇక్కడ పెట్టి వెళ్లు’ అంటారాయన. సత్తిబాబు రిపోర్టు తీసి బల్లమీద పెడతాడు. అట్టమీద అతని పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది.