చూసినవాడు అడగాలి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చేదాకా, ప్రభుత్వ పనికి టెండరు వేయాలంటే ముందు టెండరు పెట్టె దాకా చేరగలగాలి. షెడ్యూలు కొననివ్వకుండా, కవరు వేయనివ్వకుండా ఆఫీసు గుమ్మంలో మనుషుల్ని నిలబెట్టిన రోజులవి. ఇప్పుడా గుమ్మం లేదు. ఒక లాప్‌టాప్, డిజిటల్ సంతకం కీ ఉంటే చాలు, అనంతపురంలో కూర్చుని విశాఖపట్నంలోని ప్రభుత్వ హాస్టల్ మీద సోలార్ పనికి టెండరు వేయొచ్చు.

అందుకే టెండరు ఎక్కడ పడిందో కనిపెట్టడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. కేంద్ర శాఖలవి సెంట్రల్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనో జెమ్‌లోనో ఉంటాయి. రైల్వేకు సొంత పోర్టల్ ఉంది. మన రెండు రాష్ట్రాలకూ చెరొక వేదిక ఉంది. సోలార్ టెండర్లు పిలిచేది ఆంధ్రలో నెడ్‌క్యాప్‌, తెలంగాణలో టీజీరెడ్కో, పెద్ద ప్లాంట్లకైతే కేంద్ర సంస్థలు సెకి, ఎన్‌టీపీసీ. రోజూ పొద్దున్నే వీటి మీద ఒక చూపు వేస్తే సరిపోతుంది. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కొత్త నోటీసులకంటే ముందు పాత ఫలితాలు చదవండి. ఆ శాఖలో పోయినసారి ఎంతమంది వేశారు, ఎవరికి దక్కింది, అంచనా మీద ఎంత లెస్‌కి పోయింది అన్నవి చూసుకుంటే, ఆ పని మనకు అందేదో కాదో సగం తెలిసిపోతుంది.

నేనొక చిన్న సోలార్ సంస్థకు టెండరు కాగితాలు చూస్తాను. ఈ పనిలో అసలు నేర్పు ఎక్కడుందని ఎవరైనా అడిగితే, రేటు వేయడంలో అని నేను చెప్పను. రేటు వేయకముందే, బిడ్డర్ల సందేహాలు వినడానికి శాఖ పెట్టే ప్రీ-బిడ్ మీటింగ్‌కు పంపే ఒక్క కాగితంలో ఉంది. ఆ కాగితానికి నాలుగు గడులు: క్లాజు నంబరు, పేజీ నంబరు, అక్కడున్న వాక్యం, మన సందేహం. టెండరు మొత్తంలో చిన్న కాంట్రాక్టరు ప్రభుత్వాన్ని సమానంగా నిలబడి ప్రశ్నించగలిగేది ప్రీ-బిడ్ జరిగే ఈ కొద్ది రోజులే. అగ్రిమెంటు మీద సంతకం పడ్డాక ఏదడిగినా అర్జీయే అవుతుంది.

ఉదాహరణకు రాష్ట్రమంతటా హాస్టళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టే టెండరు అనుకోండి. స్ట్రక్చరు గాలికి తట్టుకోవాలని రాసి ఉంటుంది. ఎంత గాలికో రాసి ఉండదు, లేదా అన్ని ఊళ్లకూ ఒకే అంకె ఉంటుంది. గాలి భారాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం ప్రాథమిక గాలి వేగం కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విజయవాడకు, విశాఖకు 50. చూడ్డానికి అంకెలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 44 నుంచి 50కి వెళ్తే ఒత్తిడి దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఆ మేరకు ఇనుము, బోల్టులు, పునాది దిమ్మెలు అన్నీ పెరుగుతాయి. ఒకడు 50కి లెక్కేసి, మరొకడు 44కి వేస్తే, అతి తక్కువ రేటుతో ఎల్-1 అయ్యేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇలాంటి ప్రశ్న పంపబోతుంటే ఈ రంగంలో తలపండిన ఒక పెద్ద కాంట్రాక్టరు నన్ను ఆపాడు.

"ఏమప్పా, నువ్వు అడిగితివంటే మనకు తెలిసింది అందరికీ తెలుస్తుంది గదా. గమ్మునుంటే పోలే?"

"గమ్మునుంటే రేటు ఎట్లా వేయాలన్నా? 50కి వేస్తే పని పోతుంది. 44కి వేస్తే స్ట్రక్చరు పోతుంది."

"ముందు పని పట్టప్పా. తర్వాత ఏఈని పట్టుకుందాం."

ఆయన చెప్పిన దారి పాతదే, చాలామంది నడిచిందే. అస్పష్టంగా ఉన్నచోట తక్కువకు వేసి పని పట్టడం, తర్వాత ఆ అస్పష్టతను అడ్డం పెట్టుకుని సరుకు తగ్గించడం. సరిగ్గా అందుకే ప్రశ్న అడగాలంటాను నేను. టెండరులో ఒక లోపాన్ని నేను చూశాను, పక్కవాడు చూడలేదు. నేను అడగకుండా దాని ఖర్చు నా రేటులో కలుపుకుంటే ఓడిపోతాను. కలుపుకోకపోతే గెలిచి మునుగుతాను. అడిగితే జవాబు కారిజెండంగా, అంటే టెండరు సవరణగా, అందరికీ వెళ్తుంది, అందరి రేటులోకీ ఆ ఖర్చు చేరుతుంది. అప్పుడు పోటీ పని చేతనైనవాళ్ల మధ్య జరుగుతుంది. చూసినవాడు నోరు మెదపకపోతే చూడనివాడికో, చూసీ చూడనట్టు ఉన్నవాడికో పని పోతుంది. కాబట్టి ప్రీ-బిడ్‌లో ప్రశ్న అడగడం అవతలివాళ్లకు చేసే మేలేమీ కాదు. పద్ధతిగా పనిచేసేవాడికి ఉన్న ఒకే ఒక్క ఆయుధం.

గాలి లెక్క ఒక్కటే కాదు, పన్నూ అంతే. సోలార్ ప్లాంటు కట్టే కాంట్రాక్టుల్లో విలువలో 70 శాతాన్ని సరుకుగా, 30 శాతాన్ని సేవగా లెక్కకట్టి జీఎస్టీ వేస్తారు. సరుకు మీద 5, సేవ మీద 18 చొప్పున మొత్తంగా 8.9 శాతం పడేది. 2021 అక్టోబరు 1న సరుకు మీద పన్ను 12కి చేరింది, మొత్తం 13.8 అయింది. "అన్ని పన్నులతో కలిపి" అని మాత్రమే రాసి, పన్ను మారితే ఎవరు భరించాలో రాయని అగ్రిమెంట్లలో ఆ 4.9 శాతం కాంట్రాక్టరు నెత్తిన పడింది. రూఫ్‌టాప్ పనుల్లో ఉండే మార్జిన్‌కు అది చిన్న దెబ్బ కాదు. 2025 సెప్టెంబరు 22న ఆ పన్ను తిరిగి 5కి దిగింది. ఈసారి మిగిలిన డబ్బు శాఖదా, కాంట్రాక్టరుదా అని తగవు. రెండు తగవులకూ మందు ఒకటే వాక్యం: బిడ్ వేసిన తేదీ తర్వాత పన్ను మారితే ఆ తేడా ఎవరిది? ఈ వాక్యం నా కాగితంలో ఎప్పుడూ పైవరుసలోనే ఉంటుంది.

దాని కిందే మరికొన్ని. ప్యానెళ్లు దేశీయ సెల్‌లతో చేసినవే కావాలా, కేంద్రం ఆమోదించిన మోడళ్ల జాబితాలో ఉంటే చాలా? సెల్‌లకూ జాబితా అమలుకు కేంద్రం పెట్టిన తేదీ 2026 జూన్ 1. మన పని ఆ తేదీకి ఇటు వస్తుందా, అటా? నెట్ మీటరు ఆలస్యమైతే లిక్విడేటెడ్ డ్యామేజెస్ మనమే కట్టాలా? మీటరు బిగించేది విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కం కదా. పైకప్పు కురిస్తే బాగుచేయాల్సింది ఎవరు? అయిదేళ్ల మెయింటెనెన్స్‌లో ప్యానెళ్లు కడగడానికి నీళ్లు ఎవరిస్తారు? ఈ ఆఖరి ప్రశ్నకు మీటింగ్‌లో నవ్వుతారు. వేసవిలో రాయలసీమ హాస్టల్లో తాగడానికే ట్యాంకరు వస్తుందని తెలిసినవాళ్లు నవ్వరు.

చిన్న సంస్థలు తప్పక అడగాల్సింది ఇంకొకటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈఎండీ (బిడ్ ధరావతు) మినహాయింపు ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. 2012 నాటి కేంద్ర విధానం ఆ సౌకర్యం ఇచ్చింది సరుకులకు, సేవలకు. వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తించదు. మరి సోలార్ ప్లాంటు బిగించి ఇవ్వడం సరుకు కిందికి వస్తుందా, వర్క్ కిందికి వస్తుందా? ఒక్కో ఆఫీసు ఒక్కోలా చూస్తుంది. చిన్న సంస్థగా నమోదైన ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి ఊరుకుంటే రేటు కవరు తెరవకుండానే టెక్నికల్ బిడ్‌లో పోవచ్చు.

ఇంతమంది ఇన్ని ప్రశ్నలు వేస్తే టెండరు ఖరీదైపోతుందని శాఖల్లో ఒక భయం ఉంటుంది. దానికి దేశం కళ్లముందే జవాబుంది. మధ్యప్రదేశ్‌లోని రీవాలో 750 మెగావాట్ల సోలార్ పార్కు టెండరుకు ముందు బిడ్డర్లతో విస్తారంగా మాట్లాడారు. డబ్బు రాకపోతే ఏమిటన్న ప్రశ్నకు రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ ఇచ్చారు. గ్రిడ్ తీసుకోలేకపోతే ఏమిటన్నదానికి పరిహారం రాశారు. 2017 ఫిబ్రవరిలో వేలం ముగిసేసరికి మొదటి ఏడాది ధర యూనిట్‌కు 2 రూపాయల 97 పైసలకు దిగింది. దేశంలో సోలార్ ధర 3 రూపాయల కిందికి రావడం అదే మొదలు. భయం ఖర్చు రేటులోంచి తీసేస్తే ఎంత తగ్గుతుందో అక్కడ తెలిసింది.

కేవలం తక్కువ అంకెను నమ్ముకుంటే ఏమవుతుందో తెలియడానికి మన దగ్గరే ఉంది గని. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ల దగ్గరి సోలార్ పార్కులో 500 మెగావాట్లకు 2015 నవంబరులో ఎన్‌టీపీసీ వేలం పెడితే అమెరికా సంస్థ సన్ఎడిసన్ 4 రూపాయల 63 పైసలకు గెలిచింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ. 2016 ఏప్రిల్‌లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. దివాలాకు కారణం ఈ బిడ్ అని అనను; ప్రపంచమంతా తిరిగి కొన్న కంపెనీల అప్పు దాన్ని ముంచింది. కానీ గెలిచినవాడి రేటు తప్ప ఇంకేమీ చెప్పలేని పద్ధతి ఎంత బలహీనమో అప్పుడు బయటపడింది. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో వాళ్ల భారతీయ ఆస్తులు కొనుక్కోబట్టి ఆ ప్లాంటు లేచి నిలబడింది. హాస్టల్ పైకప్పు మీద పని సగంలో ఆగితే కొనుక్కోవడానికి ఏ గ్రీన్‌కో రాదు.

ప్రశ్న వేయడం ఒక ఎత్తయితే జవాబు రాతలో తీసుకోవడం ఇంకొక ఎత్తు. "అదేం పెద్ద విషయం కాదులెండి, మేం చూసుకుంటాం" అని మీటింగ్‌లో అన్న ఇంజినీరు బిల్లు వచ్చేనాటికి బదిలీ అయి ఉంటాడు. కారిజెండంలోకి ఎక్కినది మాత్రం అగ్రిమెంటులో భాగమవుతుంది. రాతకున్న విలువను ఆంధ్రప్రదేశ్ పెద్ద ఎత్తున చూసింది. 2019 జులైలో అప్పటి ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను మళ్లీ బేరమాడటానికి కమిటీ వేసింది. ఉత్పత్తిదారులు కోర్టుకెళ్లారు. 2022 మార్చిలో హైకోర్టు, ఒప్పందంలో రాసుకున్న ధరల ప్రకారమే చెల్లించమంది. మధ్యలో బకాయిలతో ఎన్ని కంపెనీలు నలిగాయో వేరే కథ. చివరికి నిలబడింది మాత్రం రాతలో ఉన్న ధరే.

అడిగినంత మాత్రాన అన్నిటికీ జవాబు వస్తుందని కాదు. జెమ్‌లో చాలా బిడ్లకు ప్రీ-బిడ్ మీటింగే ఉండదు, గడువూ కొద్ది రోజులే. ఉన్నచోట కూడా ప్రశ్నల వరుసకు ఎదురుగా పైనుంచి కింది దాకా ఒకే మాట వచ్చిపడుతుంటుంది: "టెండరు షరతుల ప్రకారం." దాన్ని నేను జవాబు కిందే లెక్కేస్తాను. పన్ను తేడా ఎవరిదో చెప్పడానికి ఇప్పుడే ఇష్టపడని ఆఫీసు, రేపు బిల్లు దగ్గర చెబుతుందనుకోవడానికి ఆధారం లేదు. అలాంటి టెండరు వదిలేస్తాం. పెద్ద టెండర్లలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఉంటుంది: కరెంటు కొనేది ఎవరు, సంతకం పెట్టారా? 2025లో దేశంలో 40 గిగావాట్లకు పైగా ప్రాజెక్టులు వేలంలో గెలిచి, అవార్డు లేఖలు చేతికొచ్చి కూడా కొనే డిస్కం సంతకం లేక ఆగిపోయాయి. గెలిచినట్టు పేపర్లో వచ్చింది, కట్టడానికి మాత్రం ఏమీ లేదు.

రివర్స్ ఆక్షన్ రోజుకు ఈ పనంతా అయిపోయి ఉండాలి. తెర మీద ఎవరో పైసా తగ్గిస్తారు, ముగింపు గడువు దానంతటదే జరుగుతుంది, మన వేలు మౌసు మీదికి పోతుంది. ఆ వేడిలో కొత్త లెక్కలు పుట్టవు. అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు పక్కన పెట్టుకుని తేల్చిన అడుగు రేటు ముందురోజే కాగితం మీద ఉండాలి. దాని కిందికి తెర వెళ్తే లాప్‌టాప్ మూయాలి.

శాఖల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. మీరు టెండరు ఎంత లెస్‌కి పోయిందో గర్వంగా చెబుతారు. దానితోపాటు ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎన్నిటికి సూటిగా జవాబిచ్చారు అన్నదీ ప్రకటించండి. కారిజెండం ఇచ్చాక మళ్లీ లెక్క వేసుకోవడానికి కనీసం వారమైనా గడువు ఇవ్వండి. మీ టెండరుకు ఒక్క ప్రశ్న కూడా రాలేదంటే పత్రం బాగుందని మురిసిపోకండి. చదివినవాళ్లు వెళ్లిపోయారేమో, ఉన్నవాళ్లకు చదవాల్సిన అవసరం లేదేమో, ముందు అది చూసుకోండి.