రెన్వార్ ‘పోన్ నెఫ్’: వేసవి వెలుగులో స్వభావోక్తి

ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పడం అలంకారమవుతుందా అన్నది మన ఆలంకారికుల మధ్య పాత వివాదం. దండి స్వభావోక్తిని అర్థాలంకారాల్లో మొదట నిలిపాడు. కుంతకుడు అంగీకరించలేదు, స్వభావం అలంకరింపదగిన వస్తువే గాని అలంకారం కాదన్నాడు. కంటికి తోచిన క్షణాన్ని తోచినట్లే పటంపై నిలుపుతుందని పేరుపొందిన ఇంప్రెషనిస్టు చిత్రకళకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1872లో చిత్రించిన ‘పోన్ నెఫ్’ను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. ఈ చిత్రం ప్రస్తుతం వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

‘పోన్ నెఫ్’ అంటే కొత్త వంతెన. పేరు కొత్తదైనా, పారిస్‌లో సేన్ నదిపై నేడు నిలిచి ఉన్న వంతెనల్లో 1607లో పూర్తయిన ఇదే అతిపురాతనం. అయితే రెన్వార్ దాని రాతికట్టడానికి ప్రాధాన్యమివ్వలేదు. ఎత్తైన చోటు నుంచి చూసి, ఎండకు తెల్లబారిన బాటను, దానిపై నడిచే జనాన్ని, బండ్లను, గొడుగులు పట్టిన స్త్రీలను చిత్రించాడు. నాలుగో హెన్రీ అశ్వారూఢ విగ్రహం దూరాన చిన్నదైపోయింది. మిట్టమధ్యాహ్నపు వెలుగు ముఖకవళికలను చెరిపివేసింది. నీడలు నల్లగా లేవు. ఆకాశపు నీలిమను పులుముకొన్నాయి.

ఇదంతా అప్రయత్నంగా కుదిరిన దృశ్యం కాదు. రెన్వార్ తమ్ముడు ఎడ్మండ్ తరువాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, అతడు వంతెనపై బాటసారులను ఏదో ఒక ప్రశ్నతో ఆపేవాడు. వారు నిలిచిన ఆ కాసేపట్లో అన్న పైనుంచి వారి రూపాలను గీసుకొనేవాడు. అంటే చిత్రంలోని చలనం కొంతవరకు ఆపి తెచ్చుకొన్న చలనం.

చయనం ఇంతటితో ఆగలేదు. 1871 మే నెలలో, కమ్యూన్ చివరి రోజుల్లో, ఈ వంతెనకు అంత దూరంలో లేని త్యూలరీ రాజప్రాసాదం, నగర సభా భవనం అగ్నికి ఆహుతయ్యాయి. ఏడాది తరువాతి ఈ చిత్రంలో ఆ గాయం జాడ లేదు. దీన్ని పలాయనమనవచ్చు, ఆ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చలేం. కాని రెన్వార్ రాజవైభవాన్నీ కీర్తించలేదు. రాజవిగ్రహాన్ని దూరాన ఉంచి, పేరు తెలియని బాటసారులకు వెలుగును సమానంగా పంచాడు. కాలిన నగరంలో జనం మళ్లీ నడుస్తున్నారన్నదే అతడు ఎంచుకొన్న సత్యం.

కనుక ఇక్కడ కుంతకుని పక్షమే సమంజసం. ఎండ, జనం, వంతెన వస్తువులు మాత్రమే. దేనిని చూపాలి, దేనిని వదలాలి అన్న నిర్ణయంలోనే కళావ్యాపారం ఉంది. ఇంప్రెషనిజాన్ని కేవలం కంటి కళగా భావిస్తే ఆ నిర్ణయాన్ని, దాని బాధ్యతను కూడా విస్మరించినట్లవుతుంది.