మూసారాం వంశవృక్షం

హైదరాబాదు మూసారాంబాగ్‌లో నివసించేవారికి తమ పేట పేరులో ఒక ఫ్రెంచి సైనికుడు దాగి ఉన్నాడన్న సంగతి సాధారణంగా స్ఫురించదు. ‘మొస్యే రేమండ్’ అన్న పిలుపు జనుల నోట నలిగి హిందువులకు మూసా రాం, ముస్లిములకు మూసా రహీం అయింది. మిషెల్ జోకిం మరీ రేమండ్ 1755లో గాస్కనీ సీమలో జన్మించాడు. 1775లో పుదుచ్చేరి చేరి, మైసూరు కొలువునూ బుస్సీ సేననూ చూసి, 1786లో నిజాం అలీఖాన్ సేవలో ప్రవేశించాడు. 1798 మార్చి 25న మరణించేనాటికి దాదాపు 14,000 మంది గల దళానికి అధిపతి. గుట్టపై నిలిచిన ఆయన సమాధి స్తంభం మీద చెక్కినవి రెండే అక్షరాలు: జె, ఆర్.

కుటుంబ చరిత్ర వెదకేవారికి తొలి చిక్కు ఇక్కడే. మిషెల్ అన్న మొదటి పేరు శిల మీద లేదు. జనవాక్కులో ఇంటిపేరే దేవుని పేరైపోయింది. ఫ్రాన్సులోని చర్చి బాప్తిస్మ పుస్తకాలు తల్లిదండ్రుల వరకు దారి చూపగలవు. వలస పాలన సిబ్బంది పత్రాలు ఎక్స్ నగరంలోనూ, సైనిక పత్రాలు పారిస్ చెంత వెన్సెన్ కోటలోనూ భద్రంగా ఉన్నాయి. అయితే రేమండ్ దళంలోని ఫ్రెంచివాడు ఫ్రెంచి ప్రభుత్వ సైనికుడు కాడు. ఎగిరింది త్రివర్ణ పతాకమే గాని, జీతం వచ్చింది నిజాం ఖజానా నుంచీ, దళపోషణకు ఇచ్చిన జాగీర్ల నుంచీ. తమ తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడని నమ్మి వెదకే కుటుంబానికి, అతడు దేశీయ ప్రభువు కొలువులో చేరిన నాటితో స్వదేశపు పట్టీలలో ఆచూకీ తెగిపోతుంది.

విలియం డాల్రింపుల్ 2002లో వెలువరించిన ‘వైట్ మొగల్స్’ ఈ కాలాన్నే చిత్రించిన గ్రంథం. కథానాయకుడు ఆంగ్ల రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్. రేమండ్ అతని ప్రత్యర్థి. కర్క్‌పాట్రిక్‌కు ఖైరున్నీసా వలన కలిగిన బిడ్డలను 1805లో ఇంగ్లండుకు పంపారు. కుమార్తె కిట్టీ పెద్దదై, హైదరాబాదులోని అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది. ఆ ఉత్తరాలు నిలిచినందువల్లనే ఆ వంశకథకు రక్తమాంసాలు వచ్చాయి. గ్రంథంలోని అత్యంత హృద్యమైన భాగం అదే. రేమండ్ పక్షాన అటువంటి పేటిక తెరుచుకోలేదు. అందువల్ల అతడు కుట్రల కథలో ఒక ఆకర్షణీయమైన పాత్రగా మిగిలాడు. దీనిని రచయిత లోపమనడం న్యాయం కాదు. కాగితం ఉన్నచోటికే చరిత్రకారుని కాలు సాగుతుంది. కానీ కాగితం ఉన్నవారి కథే యుగకథ అనిపించే ప్రమాదం మాత్రం ఉంది.

ఆ ప్రమాదం సిపాయిల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1798 అక్టోబరులో, సెప్టెంబరు సంధిని అనుసరించి ఆంగ్లేయులు దళాన్ని రద్దు చేయబోగా, బకాయి జీతాల కోసం సిపాయిలు తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. ఆంగ్లేయులకు అది కలిసివచ్చిన అదను. వారి కథనాలలో కర్క్‌పాట్రిక్ నేర్పు ఉంది, మాల్కం సాహసం ఉంది. జీతం అడిగినవాని పేరు లేదు. ఆ తరువాత అధికారులను కలకత్తాకు పంపారు, ఆయుధాలు దించిన వేలమంది జనంలో కలిసిపోయారు. రేమండ్ దళం నిజాం పక్షాన పోరాడిన 1795 నాటి ఖర్దా యుద్ధంలో నాగపురం భోంస్లే సేనలు మరాఠా పక్షాన ఉన్నాయి. నేటి రాయపూరు ప్రాంతం నాడు ఆ భోంస్లేల ఏలుబడిలోనిదే. కనుక ఆ సైనికుల సంతతి కోసం వెదకవలసింది ఒక్క హైదరాబాదులోనే కాదు.

దక్కనులో సామాన్య సైనికుని పేరు వ్రాసే అలవాటే లేదనుకోవడం మాత్రం పొరపాటు. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) మొగలుల నాటి ‘అర్జ్-ఒ-చెహ్రా’ పత్రాలున్నాయి. రేమండ్‌కు నూరేళ్లకు పైబడి ముందే, ఫార్సీ లేఖకులు ఒక్కొక్క సైనికుని పేరు, తండ్రి పేరు, ముఖంపై పుట్టుమచ్చ, గుర్రం ఆనవాలు వాటిలో వ్రాసిపెట్టారు. సమాధిపై 2001లో కూలిన మంటపాన్ని తరువాత మళ్లీ నిలబెట్టారు; అది మంచి పనే. దానికయ్యే ఖర్చులో ఏ కొంతైనా ఆసఫ్‌జాహీ సైనిక పత్రాలను చదవగల ఫార్సీ పండితునికి అందితే, మూసారాంబాగ్ అసలు కుటుంబాలు ఆ కట్టలలోనుంచి బయటికి రావచ్చు.